హారన్ బంద్ చేసిన తర్వాత

మట్టెవాడ, వరంగల్
18 ఆగస్టు 2025

మొగిలమ్మ అక్కకు,

ఇవాళ సోమవారం. ఇప్పుడు ఎందుకు రాస్తున్నానో ముందే చెబుతాను. నిన్న నీకు రెండుసార్లు ఫోన్ చేశాను. మొదటిసారి నువ్వే ఎత్తావు. నా గొంతు వినగానే పెట్టేశావు. రెండోసారి నీ మనుమరాలు పద్మలత ఎత్తి, "నానమ్మ ఫోన్ల మాట్లాడదట టీచర్. మాట్లాడితే మల్ల ఏ ఊళ్లె వినవడ్తదో అంటాంది. చెప్పేదుంటే కాయితం మీద రాయుమంటాంది. కాయితం అరవదట" అని చెప్పింది. నువ్వు అడిగిన పద్ధతిలోనే రాస్తున్నాను.

ఈ ఉత్తరం నీకు పద్మలత చదివి వినిపిస్తుంది కాబట్టి, తనకు తెలియని సంగతులు కూడా రాస్తాను. నువ్వు శిష్యరికం చేసిన మా నాయన పోశయ్య గురువు వర్ధన్నపేట చుట్టుపక్కల ఊళ్లలో బోధ చెప్పేవారు. ఒకే రాత్రి రెండు ఊళ్లకు పోలేక సికింద్రాబాద్ నుంచి టేపు చుట్టలతో నడిచే స్పూలు రికార్డర్ ఒకటి తెప్పించారు. బోధ చెబుతుండగానే అందులోకి ఎక్కించుకుని, తాను ఒక ఊళ్లో కూర్చుంటే, ఇంకో ఊరికి మైకు గట్టయ్య చేత స్పూలు పంపేవారు. గట్టయ్య దాన్ని చెట్టుకు కట్టిన హారన్ స్పీకరుకు కలిపితే, జనం ఆ యంత్రానికి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, చేతులు జోడించి వినేవారు. ఆ స్పూళ్లలో పదకొండు మా ఇంట్లో మిగిలాయి.

మొన్న జులైలో నాయన శతజయంతి జరిగింది. నా కూతురి కొడుకు ఓంప్రకాశ్ ఆ స్పూళ్లను కంప్యూటర్‌లోకి ఎక్కించి, బోధలను యూట్యూబ్‌లో పెట్టాడు. అందులో ఒకచోట బోధ కాక, నువ్వు నీ పేరు, ఊరు చెప్పుకుని నాయనకు చేసుకున్న విన్నపం వచ్చింది. పొరపాటు జరిగింది. అది పరకాల దాకా వచ్చిందనీ, మీ ఇంట్లో ఇబ్బంది అయిందనీ తెలిసింది. చాలా విచారిస్తున్నాను. ఆ వీడియో నిన్న సాయంత్రమే తీసేయించాను.

నీ కొడుకు సుదర్శన్ ఎలా ఉన్నాడో రాయించు.

నీ చెల్లెలు
సుభాషిణి

~

పరకాల
వినాయక చవితి తెల్లారి

చెల్లె సుభాషిణికి మొగిలమ్మ చెప్పంగ మనుమరాలు పద్మలత రాస్తున్నది. నేను ఎట్ల చెప్తే అట్లనే రాయుమన్న. పుస్తకం భాషల పెట్టకు బిడ్డా, సుభాషిణి చదువుకున్నది, ఆమెకు మన మాట గూడ తెలుస్తది అన్న. గణపతి కాడ మైకు మోగుతాంది. పిల్ల చెవుల దూది పెట్టుకొని రాస్తాంది, నేను ఒర్రుకుంట చెప్తాన.

నీ కాయితం విన్న. పొరపాటు జరిగింది అని రాసినవు. జరిగిందా, చేసిన్రా? పొరపాటంటే కూరల రెండుసార్లు ఉప్పేసుడు. గిది గది కాదు.

నేను ఏం చెప్పుకున్ననో నువ్వు రాయలె. నీకు చెయ్యి రాలె. పిల్లకు ఎట్లాగు తెలిసిపాయె, నేనే చెప్త. నాకు అప్పుడు ఇరవై రెండో ఇరవై మూడో. ఇద్దరు పిలగాండ్లకు అమ్మవారు పోసింది. సుదర్శన్ నాలుగేండ్లోడు, చిన్నోడు సంకలోడు. చిన్నోడు పాలు తాగుడు ఇడిసిపెట్టిండు. నేను పోచమ్మ గద్దె కాడికి పోయి, తల్లీ, ఒకన్ని తీస్కపోవుడే ఉంటే పెద్దోన్ని తీస్కపో, సంకలోన్ని నాకు ఇడిసిపెట్టు అని మొక్కిన. చిన్నోడు పోయిండు. పెద్దోడు లేచి బువ్వ అడిగిండు.

ఈ మాట నా మొగనికి చెప్పలె, మా అవ్వకు చెప్పలె. మీ నాయినకు చెప్పుకున్న. ఎవలన్న మనసుల మాట చెప్పుకునేటోళ్లుంటే గట్టయ్య హారన్ బంద్ చేసి, మందిని లేపి, తానుగూడ బయటికి పోవాలె. గది మన తాన కాయిదా, తప్పరాదు. ఆనాడు గట్లనే చేసిండు. గాని ఆ మిషన్ల చక్రాలు తిరుగుతనే ఉన్నయి. నేను అడిగిన గూడ. "ఓ గట్టన్నా, గివి తిరుగుతున్నయేందే?" అంటే "హారన్ బంద్ చేసిన గద చెల్లె, ఇగ అది చెవిటిది" అన్నడు. పాపం ఆయనకు గూడ ఎరుక లేదు. హారన్ మూగదైతే మిషన్ చెవిటిదైతదని మనందరం గట్లనే అనుకున్నం.

ఇప్పుడు ఇంట్ల సంగతి. మా తమ్ముని కొడుకు సత్యనారాయణ బిడ్డ పెండ్లిల, బువ్వల బంతి కాడ, సత్యనారాయణ ఫోను తీసి అందరికి వినిపిచ్చుకుంట, "ఏం బావా, మీ అమ్మ నిన్ను పోచమ్మకు రాసిచ్చిందట గద! పోచమ్మకే నువ్వు పనికిరాకపోతివా?" అన్నడు. మంది నవ్విన్రు. నా కొడుకు నవ్వలె. ఆ ఫోను గుంజుకొని, చెవికి పెట్టుకొని, అయిపోయేదాక విన్నడు. ఇంటికొచ్చి "అమ్మా, గిది నువ్వేనా?" అన్నడు. "నేనే బిడ్డా" అన్న. అంతే. అప్పటిసంది బాయికాడ మోటరు రూముల పంటాండు. అన్నం ఆడనే వండుకుంటాండు. యాభై ఐదేండ్లోడు, వాడు వండితే గింజ గింజ పలుకే.

ఒక్కటే అడుగుత. గా ఫోన్ల మీ నాయిన జవాబు చెప్పంగనే అయిపోయింది. నేను అటెనుక ఇంక మాట్లాడిన. ఏం మాట్లాడిన్నో నాకు యాదికున్నది. ఇప్పుడు నేను నా నోటితోటి చెప్తే ఇప్పుడు కల్పిచ్చిన అంటడు. ఆనాటి గొంతుతోటే వాడు వినాలె. ఆ మిగిలింది ఏమాయె?

దానికి జవాబు రాయి. వేరే ముచ్చట్లు అక్కెర లేదు.

మొగిలమ్మ

~

మట్టెవాడ
6 సెప్టెంబరు 2025

మొగిలమ్మ అక్కకు,

నీ ఉత్తరం అందింది. చేసిన పనులు రాస్తున్నాను. యూట్యూబ్‌లో వీడియో లేదు. దాన్ని పరకాలలో తిప్పిన మీ కులసంఘం వాట్సాప్ గ్రూపు నడిపే అతనితో నేనే మాట్లాడాను, అక్కడ కూడా తీసేశాడు. ఎవరి ఫోన్లలో దాచుకున్నది వాళ్ల దగ్గర ఉండవచ్చు. దానికి నేను చేయగలిగింది లేదు. సత్యనారాయణ అన్న మాట సంస్కారం లేని మాట. అలాంటి వాళ్ల నవ్వుకు విలువ ఇవ్వవద్దని సుదర్శన్‌కు చెప్పు.

ఇంకో సంగతి కూడా నీకు తెలియాలి. ఆ వీడియో విన్నవాళ్లందరూ నవ్వలేదు. నాయన నీకు చెప్పిన జవాబు, "మాట నీదే తల్లీ, చావు నీది కాదు. నీది కానిదాన్ని నెత్తిన పెట్టుకోకు, దించు" అన్నది విని ఎందరో ఏడ్చామని రాశారు. బిడ్డలను పోగొట్టుకున్న ఆడవాళ్లు రాశారు. నీ దుఃఖం ఇంకొకరికి ఆసరా అయింది. దీన్ని ఆ విధంగా కూడా చూడవచ్చు.

మిగిలిన భాగం గురించి అడిగావు. స్పూలు ఆ తర్వాత పాడైంది. యాభై ఏళ్ల నాటి టేపు, తేమ పట్టింది. అందులో ఏమీ వినపడదు.

నేను వచ్చి సుదర్శన్‌తో మాట్లాడమంటావా?

సుభాషిణి

~

పరకాల
బతుకమ్మ నాలుగోనాడు

సుభాషిణికి,

పాడైందా. మంచిది.

మీ నాయిన దించు అన్నడు. దించిన. నువ్వు ఎత్తుకొని ఊరంత తిప్పినవు. ఎవలో ఏడ్సిన్రని రాసినవు. వాళ్లకు ఏడుపు అక్కెరుంటే వాళ్ల ఇంట్ల సాలదా, నా ఇంట్లకెల్లి తీస్కపోవాల్నా?

నువ్వు రాకు. కాయితం గూడ రాయకు. మీ నాయిన మీద నాకు కోపం లేదు.

మొగిలమ్మ

టీచర్ గారూ, కింద ఇది నేను రాస్తున్నాను. నానమ్మకు తెలియదు. కవరు అంటించే ముందు రాస్తున్నాను.

నానమ్మ అన్నం తింటలేదు. బాపు తిన్న తర్వాతనే తినడం నానమ్మకు ముందు నుంచీ అలవాటు. నా చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. బాపు ఊరికి పోయినా, "వాడు తిన్నడో లేదో ఫోన్ చేసి అడుగు" అని అడిగించి, తిన్నాడంటేనే పళ్లెం ముందేసుకునేది. ఇప్పుడు బాపు బాయికాడ ఉంటున్నాడు, ఫోన్ ఎత్తడు. అమ్మ టిఫిన్ కట్టి పంపితే అట్లనే తిరిగొస్తుంది. నానమ్మ పొద్దుగూకేదాకా చూసి, ఛాయ తాగి పడుకుంటుంది. మొన్న బతుకమ్మ కాడ ఆడుతుంటే కళ్లు తిరిగి పడిపోయింది. దవాఖానకు తీసుకపోతే రక్తం తక్కువున్నది, కడుపుకు తినాలె అన్నారు. "ఎందుకు తినవే?" అని అమ్మ కొట్లాడితే, "అలవాటు, ఫికర్ చెయ్యకు" అంటుంది.

ఈ అలవాటు ఎందుకో అమ్మకూ తెలియదు, బాపుకూ తెలియదు. మీరు నానమ్మకు పాత పరిచయం కదా. మీకేమైనా తెలుసా?

పద్మలత

~

మట్టెవాడ
4 అక్టోబరు 2025

చిరంజీవి సుదర్శన్‌కు,

నేను పోశయ్య గురువు కూతురు సుభాషిణిని. నువ్వు నన్ను చిన్నప్పుడు చూశావు. గుర్తుండకపోవచ్చు. మీ అమ్మ నన్ను రాయవద్దన్నది. అందుకని నీకు రాస్తున్నాను. ఈ ఉత్తరం నీకు బాయికాడ చేరేటట్టు పద్మలతకు విడిగా పంపాను.

మీ అమ్మకు నేను ఒక అబద్ధం రాశాను. స్పూలు పాడు కాలేదు. మీ అమ్మ విన్నపం మొత్తం అందులో ఉంది, స్పష్టంగా ఉంది. ఓంప్రకాశ్ దాన్ని మొదట నాకు వినిపించాడు. ఒకసారి కాదు, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని చాలాసార్లు విన్నాను. అది విన్నపమని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. "అమ్మమ్మా, ఇది ఆమె సొంత విషయం కదా, ఆమెను అడగవద్దా?" అన్నాడు వాడు. "అడిగితే వద్దంటుంది" అన్నాను నేను. ముప్పై నాలుగేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పిన నోటితో అన్న మాట అది.

ఎందుకు పెట్టించానో కూడా నీకు తెలియాలి. పదకొండు స్పూళ్లలో మా నాయన గొంతు దాదాపు అంతా అరుపే. హారన్‌కు అందేలా మాట్లాడటం ఆయనకు అలవాటైంది. నాలుగు ఊళ్లకు వినపడాలని పదాలు సాగదీసి, అదే మాట పదిసార్లు చెప్పేవారు. అవి ఎవరూ రెండు నిమిషాలకు మించి వినలేదు. హారన్ బంద్ చేసిన తర్వాత మీ అమ్మతో మాట్లాడిన చోట మాత్రమే ఆయన మనిషిలాగా, నెమ్మదిగా మాట్లాడారు. లోకం ఆ గొంతు వినాలనుకున్నాను. దాని పక్కన ఎవరి గొంతు ఉందో ఆలోచించలేదు. కాదు, ఆలోచించాను. ఆలోచించే పెట్టించాను.

తర్వాతి భాగం కోయించింది నేను. అందులో ఉన్నది ఉన్నట్టు కింద రాస్తున్నాను. ఒక్క మాట మార్చలేదు.

మీ అమ్మ: దించుడు సరే అయ్యా. తెల్లారి లేస్తే వాడు నా మొఖం దిక్కు చూసి నవ్వుతాండు. నేను వాని మొఖం ఎట్ల చూడాలె? గది చెప్పుండ్రి.

(బయట కుక్క మొరుగుతుంది.)

నాయన: నాకు తెల్వదమ్మా.

మీ అమ్మ: మీకే తెల్వదంటే ఎవలకు తెలుస్తది?

నాయన: హారన్ పెట్టి ఊళ్లకు చెప్తాన గాని, ఇంట్ల నా బిడ్డ తోటి మొఖం చూసి మాట్లాడి ఎన్నేండ్లాయెనో. ఆమె హాస్టల్ నుంచి వస్తది, పోతది. ఎట్లున్నవు బిడ్డా అని అడగరాలె. నీకు నేనేం చెప్త?

మీ అమ్మ: అయితె నేనే చూసుకుంట. రేపటిసంది వాడు తిన్నంకనే నేను తింట. వాని కడుపు నిండిందాక నా నోట్లె ముద్ద పెట్ట. నేను పోయేదాక గింతే. మీరు ఎవలకు చెప్పకుండ్రి. వానికైతె అసలే చెప్పకుండ్రి, బరువైతది.

ఇంతే ఉంది.

గురువు నోట "నాకు తెల్వదు" అన్న మాట శతజయంతినాడు వినిపించకూడదనుకున్నాను. ఆయన చెప్పిన ఆ బిడ్డను నేనే. అది కూడా వినిపించకూడదనుకున్నాను. మా ఇంటి మాట దాచుకున్నాను. మీ ఇంటి మాట ఊరికి వినిపించాను. అదీ సగమే వినిపించాను. మిగిలిన సగం మీ అమ్మ అడిగితే లేదన్నాను.

మీ అమ్మ కళ్లు తిరిగి పడిపోయిందని పద్మలత రాసింది. ఆమె ఎందుకు తినడం లేదో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆమె తప్ప, తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. నువ్వు దీన్ని తెలుసుకోకూడదన్నది ఆమె కోరిక. ఆ కోరికను కూడా ఇప్పుడు నేనే కాదంటున్నాను. ఇంకో దారి కనబడలేదు.

నన్ను ఏమన్నా అను. కానీ ముందు పోయి అన్నం తిను.

సుభాషిణి

~

పరకాల
12 అక్టోబరు

సుభాషిణి టీచర్ గారికి సుదర్శన్ రాయునది.

మీ ఉత్తరం పత్తి చేన్ల కూసొని చదివిన. మొదలు చింపి పారేద్దామనుకున్న. మల్ల చదివిన.

మీరు చేసింది మంచి పని కాదు. మీరు చదువుకున్నోళ్లు, నేను చెప్పేటిది లేదు. మా అమ్మ మీ నాయిన ఫోటోకు ఇప్పటికి గూడ పొద్దున దండం పెడ్తది. గా ఫోటో తీసి పారేయ్ అంటే నా మీదికే ఒర్రింది.

ఆనాడు మాపటీలి ఇంటికి పోయిన. పెళ్లాం గేటు కాడనే "ఏం, ఉప్పు అయిపోయిందా?" అన్నది. కాళ్లు కడుక్కొని "అమ్మా, ఆకలైతాంది" అన్న. అమ్మ లేవబోతే తూలింది. పద్మ పెడ్తనన్నది, "నువ్వు జరుగు" అని అమ్మనే పెట్టింది. పప్పు, దోసకాయ తొక్కు. నేను తింటాంటే ఎదురుంగ కూసున్నది. ఎప్పటిలెక్కనే. ఇన్నేండ్లు నేను ఆమె దిక్కు ఎన్నడు సక్కగ చూడలె, అన్నం దిక్కే చూసిన. ఆనాడు చూసిన. నేను చెయ్యి కడిగినంక పళ్లెం ముందటేసుకున్నది. రెండుసార్లు పెట్టుకున్నది.

నాకు తెలిసిందని ఆమెకు చెప్పలె. ఆమె అడగలె. కాని నాకు తెలిసిన సంగతి ఆమె కనిపెడ్తది.

అంత సక్కగైందని మీరు అనుకోకుండ్రి. పెద్దోన్ని తీస్కపో అన్న మాట నా చెవులల్ల ఉన్నది. నిద్ర పట్టదు. తమ్ముడు ఉంటే ఎట్లుండునో అని ఇప్పుడు అనిపిస్తాంది, ఇంతకుముందు ఎన్నడు అనిపియ్యలె. నేను మాఫ్ చేసిన్నా లేదా అంటే నాకే తెల్వదు. రాత్రి ఇంట్లనే పంటాన.

ఇగ అసలు ముచ్చట. ఊరు సగం విన్నది. మిగిలిన సగం గూడ ఫోన్ల పెట్టిస్తే సత్యనారాయణ నోరు మూతపడ్తదని నాకున్నది. మీ ఉత్తరం చదివిన పద్మ, "బాపూ, నానమ్మ ఎవలకు చెప్పకుండ్రి అన్నది గద, మల్ల అదే పని మనం జేద్దామా?" అన్నది. టేపు మా అమ్మది. మీరు ఏం చేస్తరో మా అమ్మకే రాయుండ్రి. విచారం, బాధ అని రాయకుండ్రి. చేసేటిది రాయుండ్రి.

సుదర్శన్

~

మట్టెవాడ
19 అక్టోబరు 2025

మొగిలమ్మ అక్కకు,

రాయవద్దన్నావు. సుదర్శన్ రాయమన్నాడు కాబట్టి రాస్తున్నాను. ఇదే చివరిది.

స్పూలు పాడైందని నీకు అబద్ధం రాశాను. అది బాగానే ఉంది. నువ్వు అడిగినప్పుడే ఆ మాట చెప్పి ఉంటే నువ్వు అన్ని రోజులు పస్తుండేదానివి కాదు. ఆ తర్వాత నువ్వు దాచమన్న మాటను సుదర్శన్‌కు రాసింది కూడా నేనే. నీకు ఇది ఈపాటికి తెలిసే ఉంటుంది. అయినా నా చేతితో రాయాలి.

ఇక జరగవలసినవి:

1. వచ్చే ఆదివారం పొద్దున హనుమకొండ నుంచి పరకాల బస్సు ఎక్కి వస్తాను. నీ మాట ఉన్న స్పూలు నీ చేతికి ఇస్తాను. కంప్యూటర్‌లో ఉన్నదాన్ని ఓంప్రకాశ్ నా ఎదుట తుడిచేశాడు. దాన్ని ఉంచుకోవడమా, పొయ్యిలో పెట్టడమా, సుదర్శన్‌కు వినిపించడమా నీ ఇష్టం. వినిపించదలిస్తే చెప్పు, ఓంప్రకాశ్ యంత్రం తెచ్చి, నడిపే పద్ధతి పద్మలతకు చూపించి, బయటికి వెళ్లిపోతాడు. మిగిలిన సగాన్ని యూట్యూబ్‌లో పెట్టడం జరగదు.

2. మిగతా పది స్పూళ్ల బోధలు కూడా యూట్యూబ్ నుంచి తీసేశాము. వాటిలో ఇంకా ముగ్గురి విన్నపాలు ఉన్నాయి; నాయన జవాబు లేదు, వారి గొంతులే. బతికున్న ఒకరికి ఆ టేపు ముక్క ఇచ్చేస్తాను. ఇద్దరు చనిపోయారు. వారి పిల్లలను అడగడానికి కూడా నాకు హక్కు ఉందో లేదో తెలియదు. వారి విన్నపాలు ఉన్నచోట టేపు కత్తిరించి, మళ్లీ వినకుండా కాల్చేస్తాను.

3. కార్తీక పౌర్ణమికి వర్ధన్నపేటలో నాయన శిష్యుల సభ ఉంది. అక్కడ మైకు ముందు నిలబడి, నాయన "నాకు తెల్వదు" అన్నారని చెబుతాను. తన కూతురితో మొఖం చూసి మాట్లాడలేకపోయానని అన్నారని చెబుతాను. ఆ మాటను కోయించింది నేనేనని చెబుతాను. అది మా ఇంటి మాట. ఎవరు అడిగారు, ఎందుకు అడిగారు అన్నది నా నోట రాదు. ఆ రోజు హారన్ పెట్టమని కమిటీకి చెప్పాను.

4. సత్యనారాయణ ఇంటికి వెళతాను. అతని నవ్వుకు విలువ ఇవ్వవద్దని రాశాను కానీ, అతని చేతికి ఆ నవ్వును ఇచ్చింది నేను. ఫోన్‌లో దాచుకున్నది తుడిచేయమని అడుగుతాను. కాదంటే మళ్లీ వెళతాను.

5. నాయన ముఖం చూసి నన్ను క్షమించవద్దు. ఆయన పేరు చెప్పుకునే ఇదంతా చేశాను.

6. ఆదివారం నేను వచ్చేసరికి నువ్వు తలుపు తీయకపోతే, స్పూలు పద్మలత చేతికి ఇచ్చి అదే బస్సులో తిరిగి వస్తాను. తలుపు తీస్తే లోపలికి వస్తాను. కూర్చోమంటేనే కూర్చుంటాను. నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. నువ్వు అంటే వినడానికి వస్తున్నాను.

సుభాషిణి